ఆన్‌లైన్‌లో కొన్నది తేడాగా వస్తే: పిల్లలకు అమ్మమ్మ ఉత్తరం

చిరంజీవులైన పిల్లలందరికీ అమ్మమ్మ ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

పెద్దదాని చీర గొడవ మీ అందరికీ తెలుసు. మొదటి జీతంతో వాళ్ళమ్మకు ఇద్దామని ‘ప్యూర్ పోచంపల్లి పట్టు’ అన్నది చూసి ఆర్డర్ పెడితే, వచ్చింది పాలిస్టర్ మీద అచ్చేసిన బట్ట. అది ఏడుస్తుంటే మీలో ఒకరు “పోనీలే అక్కా, ఇంకెప్పుడూ ఆన్‌లైన్‌లో కొనకు” అన్నారట. అలా వదిలేయడం నాకు సుతరామూ ఇష్టం లేదు. కష్టపడి సంపాదించిన డబ్బు అది. ఎవరిని అడగాలో, ఎలా అడగాలో తెలిస్తే తిరిగి రాబట్టుకోవచ్చు. ఆ సంగతి చెబుదామనే రాస్తున్నాను.

ముందు ఏం తేడా వచ్చిందో మనకు తేటగా తెలియాలి. వీడియో కాల్‌లో దానిని చీర ఉల్టా తిప్పి చూపించమన్నాను. పోచంపల్లి ఇక్కత్‌లో రంగు బట్ట మీద వేసేది కాదు. నేయకముందే, డిజైన్ ప్రకారం పోగుల్ని కట్టలు చేసి, రంగు అంటకూడని చోట గట్టిగా చుట్టి ముంచుతారు. ఇంకో రంగు కావాలంటే విప్పి మళ్ళీ కట్టి మళ్ళీ ముంచాలి. ఆ తరవాతే నేత. రంగు పోగులోకే ఎక్కుతుంది కనుక చీర ముందూ వెనకా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. పువ్వు అంచు దగ్గర రంగు కాస్త పక్కకు జారినట్టు, పక్షి ఈక కొసలా ఉంటుంది. దీని చీరలో పువ్వులకు స్కేలు పెట్టి గీసినంత నున్నటి అంచులు. వెనక్కి తిప్పితే వెలిసిపోయిన తెలుపు. ఇక అనుమానమే లేదు.

ప్రింటు చీర అమ్మడంలో తప్పేమీ లేదు. ప్రింటు అని చెప్పి అమ్మితే కావలసినవాళ్ళు హాయిగా కొనుక్కుంటారు. పోచంపల్లి ఇక్కత్ అనే పేరుకు జీఐ గుర్తింపు ఉంది, అంటే ఆ ప్రాంతపు అసలు నేతకే ఆ పేరు వాడాలన్న చట్టపరమైన రక్షణ. ఆ పేరు పెట్టి ప్రింటు అంటగడితే కొన్నవాళ్ళ డబ్బూ పోతుంది, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని రోజంతా నేసేవాళ్ళ కూటికీ ఎసరు వస్తుంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ రెండోదే.

పోగు తీసి కాల్చి చూద్దామా అని అడిగింది. అసలు పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అవుతుంది. పరీక్ష మంచిదే, కానీ వెనక్కి పంపాల్సిన చీర మీద చేయకూడదు. ట్యాగ్ తీయకూడదు, ఫాల్ కుట్టించకూడదు, జాకెట్టు ముక్క కత్తిరించకూడదు. లేకపోతే “మీరే పాడు చేశారు” అనేస్తారు.

అది మొదట పెట్టిన ఫిర్యాదు ఇది: “వేస్ట్ చీర, మీరంతా దొంగలు.” దానికి “అసౌకర్యానికి చింతిస్తున్నాం” అని తయారుగా ఉన్న జవాబొకటి వచ్చి ఊరుకుంది. రెండోసారి ఇద్దరం కూర్చుని రాశాం. అందులో వచ్చే సిల్క్ మార్క్ అంటే అసలు పట్టుకు వేసే గుర్తింపు లేబుల్. “మీ పేజీలో ప్యూర్ సిల్క్, చేనేత, సిల్క్ మార్క్ లేబుల్ ఉంటుంది అని రాశారు. వచ్చింది ప్రింటు వేసిన పాలిస్టర్. సిల్క్ మార్క్ లేబుల్ లేదు. ముందువైపు, వెనకవైపు ఫోటోలు, మీ పేజీ స్క్రీన్‌షాట్ జత చేశాను. చీర వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు వాపసు చేయండి.” అంతే. కోపం ఒక్క ముక్క లేదు, కానీ తప్పించుకోవడానికి సందు కూడా లేదు.

అమ్మినవాడు ముందు బేరానికి దిగాడు. కొంత డబ్బు ఇస్తాం, చీర ఉంచుకోండి అన్నాడు. తరవాత ఈ వస్తువుకు రిటర్న్ లేదన్నాడు. ఇక్కడ మీకు చట్టం తెలిసి ఉండాలి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, వస్తువు లోపంగా ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా అమ్మినవాడు వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అనడానికి వీల్లేదు. ‘నో రిటర్న్’ అని పేజీలో రాసుకున్నంత మాత్రాన ఆ బాధ్యత పోదు. మధ్యలో ఉన్న సైటు కూడా “మాకు సంబంధం లేదు” అని చేతులు దులుపుకోకూడదు. ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, వివరాలు సైట్‌లో పెట్టాలి. ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి. ఫిర్యాదుకు ఒక టికెట్ నంబర్ ఇస్తారు, దాన్ని రాసి పెట్టుకోండి. మనది గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టాకే కదిలింది. చీర పట్టుకెళ్ళారు, డబ్బు వచ్చింది.

అప్పటికీ వినకపోతే 1915కు ఫోన్ చేయాలి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. వాళ్ళు తీర్పు ఇవ్వరు, కంపెనీకి ఫిర్యాదు పంపి రాజీకి ప్రయత్నిస్తారు. అదీ కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా మనం ఉండే ఊరి కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. కొన్న వస్తువు ధర అయిదు లక్షల లోపు అయితే ఫీజు ఉండదు, వకీలును పెట్టుకోవాలన్న నియమం లేదు, రెండేళ్ళ లోపు వేస్తే చాలు. చీర కోసం కోర్టుకా అనుకోకండి. దారి ఉందని తెలిసినవాడు మెయిల్ రాసే తీరే వేరుగా ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్‌లో వెతకొద్దు. అక్కడ దొంగ నంబర్లు పెట్టి, వాపసు ఇస్తామని నమ్మించి ఖాతా ఖాళీ చేసేవాళ్ళున్నారు. యాప్‌లో ఉన్న నంబరే వాడండి. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు. ఎవరైనా కొట్టమంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి చెప్పండి.

డెలివరీకి వచ్చిన అబ్బాయి మీద అరవకండి. పెట్టెలో ఏముందో అతనికి తెలియదు, ఎండలో మెట్లెక్కి వచ్చినవాడికి మంచినీళ్ళు ఇవ్వండి.

నచ్చకపోవడం వేరు, మోసం వేరు. ఫోన్‌లో ముదురాకుపచ్చగా కనిపించింది ఇంటికొచ్చాక కాస్త లేతగా ఉంటే అది మోసం కాదు. రిటర్న్ ఉంటే నచ్చలేదనే రాసి పంపండి, లేని లోపం అంటగట్టకండి. పెళ్ళికి కట్టుకుని, మర్నాడు మడతపెట్టి వాపసు చేసేవాళ్ళను నేనెరుగుదును. ఆ నష్టం చాలాసార్లు చిన్న దుకాణం వాళ్ళ నెత్తినే పడుతుంది. మన ఇంటి పిల్లలు ఆ పని చేయకూడదు.

డబ్బు వచ్చాక కూడా దానిచేత రివ్యూ రాయించాను. ‘చెత్త, కొనొద్దు’ అంటే చదివేవాళ్ళకు ఏమీ తెలియదు. పట్టు అన్నారు, పాలిస్టర్ వచ్చింది, ఇదిగో వెనకవైపు ఫోటో, మెయిల్ పెట్టాక డబ్బు వాపసు ఇచ్చారు అని రాసింది. ఇచ్చారన్న ముక్క కూడా ఉండాలని నేనే పట్టుబట్టాను, అది నిజం కనుక.

చిన్నోడా, నీ ఇయర్‌ఫోన్లలో ఒకవైపు వినపడటం లేదని మీ అమ్మ చెప్పింది. ఇవాళే ఆ ఆర్డర్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టు, బిల్లు డౌన్‌లోడ్ చెయ్యి, రిటర్న్ గడువు ఎప్పటిదాకా ఉందో చూడు. ఫిర్యాదు నువ్వే రాసి, పంపే ముందు నాకు వాట్సాప్ చెయ్యి.

ఇట్లు,
మీ అమ్మమ్మ