ఫ్రిజ్ చేసే చప్పుళ్ళ గురించి పిల్లలకు ఉత్తరం

మల్కాజిగిరి, హైదరాబాదు

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీస్సులు.

రాత్రిపూట ఫ్రిజ్‌లోంచి గుడగుడమని చప్పుడు వస్తోందని, అది పాడైపోయిందేమోనని మీరు ఫోనులో అడిగారు. పాడవలేదు. ఆ చప్పుడు ఎక్కడ పుడుతుందో తెలిస్తే మీకు ఆ సందేహం ఉండదు కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఫ్రిజ్ చలిని తయారు చేయదు; లోపలి వేడిని బయటికి మోసుకొచ్చి వదిలేస్తుంది. ఇప్పుడు మన ఇళ్ళకు వస్తున్న చాలా ఫ్రిజ్‌లలో ఈ మోతకు వాడేది ఐసోబ్యూటేన్ అనే వాయువు. వెనుక అడుగున ఉండే నల్లని కంప్రెసర్ దాన్ని గట్టిగా నొక్కుతుంది. నొక్కుడుకు వేడెక్కిన వాయువు వెనకవైపునో, పక్క గోడల్లోనో ఉన్న గొట్టాల్లో తన వేడిని వదిలి ద్రవంగా మారుతుంది. అందుకే ఫ్రిజ్ పక్కలు చేతికి వెచ్చగా తగులుతాయి. తరువాత ఆ ద్రవం చాలా సన్నని గొట్టం గుండా ఫ్రీజర్ గొట్టాల్లోకి చేరి, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గడంతో అక్కడ మరుగుతుంది. మామూలు గాలి ఒత్తిడిలో ఐసోబ్యూటేన్ సుమారు మైనస్ 12 డిగ్రీలకే మరుగుతుంది. అందుకు కావలసిన వేడిని మీ పాలగిన్నె నుంచి, కూరగాయల నుంచి లాక్కుంటుంది. మీరు విన్న గుడగుడ ఆ మరుగుతున్న ద్రవానిదీ, బుడగలదీ. కంప్రెసర్ ఆగిన వెంటనే అది మరింత బాగా వినిపిస్తుంది, ఎందుకంటే అటు ఎక్కువగానూ ఇటు తక్కువగానూ ఉన్న ఒత్తిడి సమానమయ్యే దాకా ద్రవం గొట్టాల్లో కదులుతూనే ఉంటుంది.

కరెంటు పోయి వచ్చాక స్టెబిలైజరు వెంటనే ఫ్రిజ్‌ను నడవనివ్వకుండా కొన్ని నిమిషాలు ఆపేది కూడా అందుకే. ఒత్తిడి సమానం కాకముందే మొదలుపెడితే కంప్రెసర్ మోటారు తిరగలేక ఇబ్బంది పడుతుంది. ఆ ఆలస్యం చూసి విసుక్కుని స్విచ్చి పదేపదే వేసి తీయవద్దు.

ఇక “టక్” అనేది థర్మోస్టాట్, అంటే లోపలి చలిని బట్టి కంప్రెసర్‌ను నడిపించి, ఆపే స్విచ్చి. సన్నని హోరు మోటారుది: మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, ఒక్కో ఆవృత్తిలో అయస్కాంతం రెండుసార్లు లాగుతుంది, కనుక సెకనుకు 100 కంపనాలు. ఇన్వర్టర్ ఫ్రిజ్ అయితే అవసరాన్ని బట్టి మోటారు వేగం మారుతుంది కాబట్టి హోరు స్థాయి కూడా మారుతుంది. మంచు పేరుకోకుండా తనంతట తానే కరిగించుకునే ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో అప్పుడప్పుడు, కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు “చుయ్” మంటుంది. మంచు కరిగించే హీటరు మీద నీటిచుక్కలు పడుతున్నాయన్నమాట. “టప్” మనేది చలికి ముడుచుకుని, వేడికి సాగే ప్లాస్టిక్ గోడ. మే నెలలో మన ఊళ్ళో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు కంప్రెసర్ ఎక్కువసేపు నడవడం సహజమే. వెనుక గోడకు కాస్త జాగా వదిలితే, పొగలు కక్కే పప్పుగిన్నెను లోపల పెట్టకుండా ఉంటే దానికి భారం తగ్గుతుంది.

పట్టించుకోవలసిన చప్పుడు ఒకటుంది. కంప్రెసర్ కొన్ని సెకన్లు గుర్రుమని, టక్కున ఆగి, కాసేపటికి మళ్ళీ అదే పని చేస్తుంటే, మోటారు మొదలవలేక వేడెక్కుతోందని, రక్షణ స్విచ్చి దాన్ని ఆపుతోందని అర్థం. వోల్టేజీ తక్కువైనా అలా జరగవచ్చు. వెంటనే అమ్మకో నాన్నకో చెప్పండి. ప్లగ్గు తీసి మెకానిక్‌ను పిలిపిస్తారు.

పాత ఒకే తలుపు ఫ్రిజ్‌లో పేరుకున్న మంచును మాత్రం ఎన్నడూ కత్తితో గీకవద్దు. ఆ మంచు వెనుకే గొట్టాలుంటాయి. చిల్లుపడితే ఆగని “సుయ్” వినిపిస్తుంది, బయటికి వచ్చేది మండే వాయువు కావచ్చు. అలా జరిగితే ఏ స్విచ్చీ ముట్టకుండా, కిటికీలు తెరిచి, పెద్దవాళ్ళను పిలవండి.

ఇట్లు,
మీ తాతయ్య