నాంజింగ్‌లో జరగాల్సిన ప్రమాణం

తైవాన్ గొడవ మళ్లీ వార్తల్లోకెక్కింది. అక్కడ అధ్యక్షులుగా ఎవరొచ్చినా, 1912లో ఏర్పడిన చైనా గణతంత్రానికి తొలి తాత్కాలిక అధ్యక్షుడైన సన్ యట్ సేన్ పటం ఎదుటే ప్రమాణం చేస్తారు. 2024 మే 20న లై చింగ్ తె కూడా అలాగే చేశారు. తైవాన్, చైనా ఒకదాని కింద ఒకటి లేవని అదే రోజు అన్నారు. మూడో రోజుకల్లా చైనా సైన్యం ద్వీపం చుట్టూ విన్యాసాలకు దిగింది. సన్ మావాడేనని బీజింగ్ వాదన. ఆయన పేరు చైనా రాజ్యాంగ పీఠికలోనే ఉంది.

1911లో రాచరికంపై లేచిన వూచాంగ్ తిరుగుబాటు, చైనాను ఏలిన చింగ్ వంశం కూలిపోవడం చాలాసార్లు చదివినవే. తగువుకు అసలు ముడి పడింది 1912లో, మొదటి పది వారాల్లో.

జనవరి 1న సన్ షాంఘై నుంచి రైల్లో నాంజింగ్ చేరారు. అప్పటికి మూడు రోజుల ముందు తాత్కాలిక అధ్యక్ష పదవికి 17 రాష్ట్రాల ప్రతినిధులు ఓటేస్తే 16 ఆయనకే పడ్డాయి. రాత్రి పది దాటాక, చింగ్ రాజప్రతినిధి కొలువుండిన భవనంలో ప్రమాణపత్రం చదివారు. నిరంకుశత్వం కూలి, దేశం కుదుటపడి, గణతంత్రాన్ని ఇతర దేశాలు గుర్తించిన నాడు తప్పుకుంటానని అందులోనే ఉంది. గద్దె ఎక్కే రోజునే దిగే షరతు రాసుకున్న మనిషి ఆయన. ఆ గణతంత్రం పేరునే ఇప్పటికీ వాడుకునే తైవాన్ ప్రభుత్వ కాగితాల మీద సంవత్సరాల లెక్క ఇప్పటికీ ఆ రోజు నుంచే. 2025ను 114 అని రాస్తారు.

కానీ ఉత్తరాది సైన్యం చింగ్ ప్రధాని, సేనాని యువాన్ షికాయ్ చేతిలో ఉంది. ఫిబ్రవరి 12న బాల చక్రవర్తి పుయి పేరిట వెలువడిన ఫర్మానా, గణతంత్ర ప్రభుత్వాన్ని ఏర్పరిచే పని యువాన్‌కు అప్పగించింది. ప్రజాప్రతినిధులు ఇవ్వాల్సిన అధికారం రాజు ఇచ్చినట్టయింది. మర్నాడే సన్ రాజీనామా పెట్టారు, షరతులతో. రాజధాని నాంజింగే. కొత్త అధ్యక్షుడు అక్కడికే వచ్చి ప్రమాణం చేయాలి. తాత్కాలిక రాజ్యాంగానికి కట్టుబడాలి. యువాన్‌ను అతని సైన్యం నుంచి, పాత రాజనగరం బీజింగ్ నుంచి విడదీయడానికి సన్ దగ్గరున్న దారి ఇదొక్కటే. 15న నాంజింగ్‌లోని ప్రతినిధుల సభ యువాన్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకుంది.

అతణ్ని తోడ్కొని రావడానికి నాంజింగ్ ప్రభుత్వ విద్యామంత్రి త్సాయ్ యువాన్‌పెయ్ బృందం బీజింగ్ వెళ్లింది. ఫిబ్రవరి 29 రాత్రి యువాన్ సొంత దళాలే తిరగబడి నగరాన్ని దోచుకున్నాయి. ప్రాణభయంతో ప్రతినిధులు విదేశీ రాయబారుల పేటలోని హోటల్లో తలదాచుకున్నారు. ఈ పరిస్థితుల్లో ఊరు విడిచి రాలేనన్నాడు యువాన్. ఆ తిరుగుబాటు తానే చేయించాడా అన్నదానిపై చరిత్రకారుల్లో వాదన ఉంది. లాభపడింది మాత్రం అతనే. నాంజింగ్ సభ తలొంచింది. మార్చి 10న యువాన్ బీజింగ్‌లోనే ప్రమాణం చేశాడు. తాత్కాలిక రాజ్యాంగం వెలువడింది ఆ మర్నాడు.

నాంజింగ్ షరతు నిలిచి ఉంటే తర్వాతి చరిత్ర మరోలా నడిచేదని నా నమ్మకం. ఏడాదికల్లా, పార్లమెంటు ఎన్నికల్లో తన పార్టీని గెలిపించిన సన్ సహచరుడు సుంగ్ చియావోరెన్‌ను షాంఘై రైల్వే స్టేషన్‌లో కాల్చారు. 1913 అక్టోబరు 10న యువాన్ మళ్లీ ప్రమాణం చేశాడు. ఈసారి పూర్తికాలపు అధ్యక్షుడిగా, చక్రవర్తులు పట్టం కట్టుకున్న మందిరంలోనే. మూడు నెలలకు పార్లమెంటును రద్దు చేశాడు.