మెడలో పేగు ఉంటే ఆపరేషన్ తప్పదా?

బెంగళూరులో మారతహళ్ళి, కే.ఆర్.పురం, యలహంక వైపు అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళడం ఈ ఇళ్ళల్లో తగ్గుతోంది, అమ్మే బస్సెక్కి కూతురి దగ్గరికి వచ్చేస్తోంది. ఎనిమిదో నెల దాటాక వచ్చే స్కాన్ రిపోర్టులో ఒక్కోసారి ఒక్క వాక్యం ఆ ఇంటిని అల్లకల్లోలం చేస్తుంది: బిడ్డ మెడ చుట్టూ బొడ్డుతాడు ఒక చుట్టు ఉంది. అమ్మకి వెంటనే మేనమామ గండం గుర్తొస్తుంది. పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకి కీడనీ, ఆయన మొదట నూనెలో బిడ్డ మొహం చూడాలనీ మన ఊళ్ళల్లో నమ్మకం. భర్తకి బిడ్డకి ఉరి పడుతుందేమోనన్న భయం. “ఎందుకొచ్చిన రిస్కు, ఆపరేషన్ చేయించేద్దాం” అని ఆ రాత్రే తేల్చేస్తారు.

పుట్టేదాకా బిడ్డ ముక్కుతో ఊపిరి తీసుకోదు. ఆక్సిజన్ మాయ నుంచి బొడ్డుతాడులోని సిర గుండా నేరుగా నెత్తుట్లోకి చేరుతుంది. కాబట్టి గొంతు బిగుసుకుని ఊపిరాడకపోవడం అంటూ ఉండదు. తాడు నలిగి రక్తం పారడం తగ్గుతోందా అన్నదొక్కటే చూసుకోవాలి. ఆ తాడు సుమారు అర మీటరు పొడవుంటుంది. లోపలి రెండు ధమనుల్నీ, ఒక సిరనీ చుట్టి జిగురులాంటి మెత్తటి పదార్థం ఉంటుంది, రక్తనాళాలు తేలిగ్గా నలగకుండా అదే కాపాడుతుంది. పుట్టే బిడ్డల్లో ఐదుగురిలో ఒకరికైనా మెడలో చుట్టు కనబడుతుంది. తల బయటికి రాగానే డాక్టరో నర్సో వేలితో దాన్ని తల మీదుగా తప్పించేస్తారు. నొప్పులప్పుడు బిడ్డ గుండె కొట్టుకునే తీరు మారితే ఆపరేషన్ అవసరం కావచ్చు. స్కాన్‌లో చుట్టు కనబడిందన్నది మాత్రం దానంతటదే కారణం కాదు.

మేనమామ గండం మాటకి నవ్వుకునే చదువుకున్నవాళ్ళు రిపోర్టులో వాక్యం చూసి కడుపు కోయించుకోవడాన్ని సైన్స్ అనుకుంటారు. నా దృష్టిలో రెండింటినీ అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇలా చేసినవాళ్ళనీ చేయనివాళ్ళనీ పోల్చి చూశారా?

బెడ్ రెస్ట్ సంగతే చూడండి. మూడో నెలలో కాస్త రక్తం కనబడితే మంచం దిగొద్దంటారు. చాలామందికి ఆ తర్వాత అంతా సవ్యంగానే సాగుతుంది, ఆ పుణ్యం మంచానికి దక్కుతుంది. మంచం పట్టకపోయినా సవ్యంగానే సాగేదేమో! అది తేలాలంటే ఒకే పరిస్థితిలో ఉన్న గర్భిణుల్ని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి విశ్రాంతి చెప్పి, రెండో గుంపుని మామూలుగా తిరగనిచ్చి, చివరికి లెక్క చూడాలి. అలా చూసిన పరీక్షల్లో మంచాన పడుకోవడం వల్ల గర్భస్రావాలు తగ్గినట్టు తేలలేదు. వారాల తరబడి కదలకపోతే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రం ఉంది. మీ డాక్టరు విశ్రాంతి చెప్పి ఉంటే ఇది చదివి లేచి తిరగకండి, ఎందుకు చెప్పారో అడగండి.

వైద్యశాఖలన్నిట్లోకీ ఇలాంటి పరీక్షల విషయంలో బాగా వెనకబడింది ప్రసూతి వైద్యమేనని బ్రిటన్ వైద్యుడు ఆర్చీ కాక్రేన్ 1979లో దుయ్యబట్టారు. ఆ నిర్లక్ష్యానికి మూల్యం ఎంతో స్టెరాయిడ్ ఇంజెక్షన్ కథ చెబుతుంది. నెలలు నిండకుండా నొప్పులు వస్తే తల్లికి ఈ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమవుతాయని న్యూజిలాండ్‌లో గ్రాహం లిగిన్స్ ముందు గొర్రెల్లో గమనించారు. తర్వాత రాస్ హోవీతో కలిసి తల్లుల మీద పరీక్ష చేసి 1972లో ఫలితం ప్రకటించారు. బిడ్డలు బతుకుతున్నారు. తర్వాతి ఏళ్ళల్లో మరికొన్ని పరీక్షలు జరిగాయి, కానీ వాటన్నిటినీ ఒకచోట పేర్చి చూసే పని చాలాకాలం ఎవరూ చేయలేదు. అమెరికాలో అధికారికంగా దీన్ని విస్తృతంగా వాడమని చెప్పింది 1994లో. ఆ ఇరవై రెండేళ్ళల్లో ఊపిరందక పోయిన పసివాళ్ళని తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. ఇలాంటి పరీక్షల ఫలితాల్ని ఒకచోట పేర్చి చూడడానికి కాక్రేన్ పేరుతో 1993లో మొదలైన సంస్థ చిహ్నంలోని అడ్డగీతలు ఆ పరీక్షల ఫలితాలే.

కథ అక్కడితో అయిపోలేదు. అదే ఇంజెక్షన్ని పేద దేశాల్లో పల్లెల దాకా తీసుకెళ్తే ఎలా ఉంటుందని ఆరు దేశాల్లో పెద్ద పరీక్ష చేశారు. మన బెళగావి, నాగపూర్ ప్రాంతాలు కూడా అందులో ఉన్నాయి. 2015లో ఫలితం వచ్చింది: మొత్తం మీద పసికందుల మరణాలు తగ్గకపోగా కొంచెం పెరిగాయి. నెలలు సరిగ్గా లెక్కకట్టే వీలు లేనిచోట, పుట్టాక బిడ్డని చూసుకునే ఏర్పాటు లేనిచోట ఆ మందు ఫలితం వేరు. తర్వాత భారత్ సహా ఐదు దేశాల్లో, స్కాన్‌తో నెలలు ఖాయం చేసుకుని, సౌకర్యాలున్న ఆసుపత్రుల్లోనే ఇచ్చి చూశారు. 2020లో వచ్చిన ఫలితంలో మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి. మందు మంచిదా అని అడిగితే చాలదు. ఎవరికి, ఎన్నో నెలలో, ఎలాంటి ఆసుపత్రిలో అని కూడా అడగాలి.

బెంగళూరు ఈ విషయంలో ఊరికే చూస్తూ కూర్చోలేదు. ఆహారంలో కాల్షియం తక్కువగా ఉన్నచోట గర్భిణులకి రోజుకి 1500 నుంచి 2000 మిల్లీగ్రాములు ఇవ్వమన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. బీపీ పెరిగి ఫిట్స్ దాకా పోయే గుర్రపువాతాన్ని తగ్గించడానికి అది. అంటే రోజుకి మూడు మాత్రలు, పైగా ఐరన్ మాత్రతో కలిపి మింగకూడదు. పొద్దున షిఫ్టుకి పరిగెత్తే అమ్మాయికి ఇది జరిగే పనేనా? ఈ ఊళ్ళోని సెయింట్ జాన్స్ వైద్య సంస్థ పరిశోధకులు ఇక్కడ తొలిచూలు గర్భిణులు 11,000 మందిని తీసుకుని సగం మందికి 500, సగం మందికి 1500 మిల్లీగ్రాములు ఇచ్చారు. ఎవరికి ఏ మోతాదు అందుతోందో తల్లులకి తెలియదు. 2024 జనవరిలో ఫలితం అచ్చయింది: గుర్రపువాతం తక్కువ మోతాదులో 3.0 శాతం, ఎక్కువ మోతాదులో 3.6 శాతం. చిన్న మోతాదు పెద్దదానికి తీసిపోలేదు. ఆ తల్లుల్లో మన తెలుగు ఆడపడుచులూ ఉండే ఉంటారు.

సిజేరియన్ల లెక్కకి వస్తే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తానికి 21.5 శాతం, కర్ణాటకలో 31.5, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. అవసరమైనప్పుడు ఆ ఆపరేషన్ తల్లినీ బిడ్డనీ కాపాడుతుంది, అందులో సందేహం లేదు. మన ఆడవాళ్ళలో ఇంతమందికి ఆ అవసరం ఉందంటే మాత్రం నేను నమ్మను. ముహూర్తం కోసం 37వ వారంలోనే కోయించే వాళ్ళకి ఒక్క మాట: 39 వారాలు నిండకముందు కారణం లేకుండా చేసే సిజేరియన్లలో బిడ్డకి ఊపిరి ఇబ్బందులు ఎక్కువని పెద్ద అధ్యయనాల్లో రుజువైంది.

ఒక్క పైసా ఖర్చు లేని వైద్యం కూడా ఈ పరీక్షల్లో నెగ్గింది. నొప్పులు పడుతున్నంతసేపూ పక్కన ఒక మనిషి తోడుంటే మామూలు కాన్పులు పెరుగుతాయి, సిజేరియన్లు తగ్గుతాయి. దీని మీద 15,000 మందికి పైగా తల్లులతో పరీక్షలు జరిగాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో తోడు మనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. అయినా చాలాచోట్ల అమ్మని లేబర్ రూమ్ బయటే కూర్చోబెడతారు. కన్నడం సరిగ్గా రాని పిల్ల లోపల ఒంటరిగా, నర్సు చెప్పేది సగమే అర్థమై భయపడుతుంటుంది. ఏడో నెల చెకప్‌లోనే డాక్టరుని అడగండి: “నొప్పులప్పుడు మా అమ్మని లోపలికి రానిస్తారా?” కుదరదంటే ఇంకో ఆసుపత్రి చూసుకోవడానికి అప్పటికింకా రెండు నెలలుంటాయి.