కాలు కింద పెట్టనివ్వండి: పెద్దవాళ్ల సంరక్షణలో అపోహలు - వాస్తవాలు

"అమ్మను కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంటున్నామండీ" అని పిల్లలు తృప్తిగా చెప్పినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. వాళ్ల ప్రేమలో లోపం లేదు. కానీ 17 ఏళ్లుగా ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లకు ఫిజియోథెరపీ చేస్తున్న అనుభవంతో, ఆ మాట వినగానే లోపలి గదిలో ఏం కనిపించబోతుందో నాకు తెలిసిపోతుంది. సన్నబడిన తొడలు, కుర్చీలోంచి లేవడానికి భయపడే శరీరం, తనకిక ఏదీ చేతకాదని నమ్మేసిన మనిషి. ఇందులో వయసు చేసిన నష్టం కొంతే. మిగతాది తెలియక మనం చేసినది. అది ఆపగలిగినది కాబట్టే ఈ నాలుగు మాటలు.

అపోహ: వయసు మళ్లాక విశ్రాంతే మందు. అన్నీ మనమే చేసిపెట్టడమే సేవ.

ముప్పై దాటినప్పటి నుంచి పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం చొప్పున కండ తగ్గుతుంది. అరవై తరువాత ఆ తరుగు ఇంకా వేగం అందుకుంటుంది. ఇది ఎవరికైనా తప్పనిదే. పడక మీద ఉంచేస్తే మాత్రం ఏళ్లలో జరగవలసినది రోజుల్లో జరిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజుల పాటు పడకకే పరిమితం చేసి చూసిన ఒక పరిశోధనలో, ఒక్క కాళ్లలోనే దాదాపు కిలో కండ తరిగిపోయింది. "జ్వరం తగ్గింది కానీ అప్పటి నుంచి లేవలేకపోతున్నారు" అని నన్ను పిలిచే ఇళ్లలో చాలాసార్లు దోషం జ్వరానిది కాదు, ఆ తరువాతి పడకది.

ఈ వయసులో కండ మళ్లీ వస్తుందా అని అడుగుతారు. వస్తుంది. 1990లో మరియా ఫియాటరోన్ బృందం ప్రచురించిన అధ్యయనాన్ని నేను ప్రతి కుటుంబానికీ చెబుతాను. వృద్ధాశ్రమంలో ఉంటున్న, 86 నుంచి 96 ఏళ్ల మధ్య వయసున్న పదిమంది బలహీనుల చేత ఎనిమిది వారాలు కాళ్లకు బరువులతో వ్యాయామం చేయించారు. చివరిదాకా చేసిన తొమ్మిదిమందికి తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. అది నిపుణుల పర్యవేక్షణలో జరిగింది కాబట్టి ఇంట్లో ఎవరికి వారు బరువులు ఎత్తించకండి. కానీ తొంభై ఏళ్ల కండరం కూడా పని చెబితే స్పందిస్తుందన్న సంగతి మరవకండి.

పని చెప్పడమంటే వ్యాయామమే కానవసరం లేదు. చొక్కా వేసుకోవడం ఒక పని. నేను చూసే ఒక పెద్దాయనకు అయిదు గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పట్టేది. కొడుకు నిమిషంలో పెట్టేసేవాడు. ఉద్యోగానికి వెళ్లే హడావుడిలో అతన్ని తప్పుపట్టలేను. అందుకని పనిని పంచుకోమన్నాను. చేతుల దగ్గర గుండీలు, మెడ గుండీ కొడుకువి. కంటికి కనిపించే మధ్య గుండీలు నాన్నగారివి, అవి పెట్టుకోవడం కాస్త ముందుగా మొదలుపెడతారు. ఆయన వేళ్లు పనిలో ఉన్నాయి, కొడుకూ వేళకు బయలుదేరుతున్నాడు. స్నానానికైనా ఇదే పద్ధతి. వీపు, పాదాలు మనం రుద్దవచ్చు. ముఖం, చేతులు, పొట్ట వాళ్లనే రుద్దుకోనివ్వాలి. ఒళ్లు ఇతరుల చేతికి అప్పగించడం ఏ వయసులోనూ సులువు కాదు. ఆ బిడియాన్ని గౌరవించడం కూడా సంరక్షణలో భాగమే.

అపోహ: లేవలేకపోతే చేయి పట్టి లాగాలి.

ఇది చూసినప్పుడు నాకు నిజంగా భయం వేస్తుంది. చేయి పట్టి లాగినా, చంకల కింద చేతులు వేసి ఎత్తినా ఆ బరువంతా భుజం కీలు మీద పడుతుంది. పలచబడిన స్నాయువులు చిరగవచ్చు, కీలు తప్పవచ్చు. ఎత్తేవాళ్ల నడుము కూడా పట్టేస్తుంది.

ముందు కుర్చీని చూడండి. లోతుగా కూరుకుపోయే మెత్తటి సోఫాలోంచి లేవడం పడుచువాళ్లకే శ్రమ. కూర్చున్నప్పుడు తుంటి మోకాలి కంటే కొంచెం ఎత్తులో ఉండాలి, కుర్చీకి గట్టి చేతులు ఉండాలి. చాలా ఇళ్లలో కుర్చీ మార్చిన రోజే సగం సమస్య తీరింది. తరువాత లేచే తీరు. కుర్చీ అంచుకు జరగాలి. పాదాలను మోకాళ్ల కంటే కాస్త వెనక్కి లాక్కోవాలి. ముక్కు కాలివేళ్లకు సూటిగా వచ్చేంతగా ముందుకు వంగి, కుర్చీ చేతులను కిందికి నొక్కుతూ లేవాలి. భయం వల్ల చాలామంది వెనక్కి వాలి లేవాలని చూస్తారు. అలా ఎవరూ లేవలేరు. మనం పక్కన నిలబడి, నడుము వెనుక ఒక చేయి ఆనించి, "ముందుకు వంగండి, ఇప్పుడు లేవండి" అని నెమ్మదిగా చెబితే చాలు.

లేచాక వెంటనే నడిపించకండి. వయసుతో పాటు రక్తపోటును సర్దుకునే వేగం తగ్గుతుంది. పడుకున్నవారు మంచం అంచున కొద్దిసేపు కూర్చుని, పాదాలు ఆడించి లేవాలి. నిలబడి పది లెక్కపెట్టి అడుగు వేయాలి. కళ్లు తిరుగుతున్నాయంటే పడుకున్నప్పుడు, నిలబడిన మూడు నిమిషాల్లోపు రక్తపోటు కొలవండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతుంటే డాక్టరుకు చెప్పాలి. చాలాసార్లు కారణం వేసుకునే మందుల్లోనే ఉంటుంది.

అపోహ: వినిపించకపోతే గట్టిగా అరవాలి.

వయసుతో వచ్చే చెవుడు అన్ని ధ్వనులనూ సమానంగా తగ్గించదు. ముందుగా పోయేవి సన్నని, హెచ్చు శ్రుతి ధ్వనులు. మాటలో అచ్చులు బరువుగా వినిపిస్తాయి. స, చ, ప, త, క వంటి హల్లుల్లో తేడా ఆ సన్నని ధ్వనుల్లోనే ఎక్కువగా ఉంటుంది. అందుకే పాలు, కాలు, చాలు అనే మూడు మాటలూ వాళ్ల చెవికి ఒకేలా చేరవచ్చు. "పాలు తాగుతారా?" అంటే "కాలు బాగానే ఉంది" అని జవాబు వస్తుంది. ఇంట్లో అందరూ నవ్వుతారు. ఆ నవ్వు తరువాత ఆయన మాట్లాడడం మానేస్తారు. దయచేసి నవ్వకండి.

అరిచినప్పుడు పెరిగేది అచ్చుల మోతే. హల్లుల స్పష్టత పెరగదు. పైగా మన ముఖం కోపంగా కనిపిస్తుంది. టీవీ ఆపి, ఎదురుగా వచ్చి, మన ముఖం మీద వెలుతురు పడేలా నిలబడి, ముందు పిలిచి, చూపు కలిశాక మాట్లాడాలి. అర్థం కాకపోతే అదే మాటను మళ్లీ మళ్లీ అనకుండా వేరే మాటల్లో చెప్పాలి. "తనకు కావలసినవి మాత్రం వినిపిస్తాయి" అనే నింద చాలా ఇళ్లలో విన్నాను. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక్కరు మాట్లాడితే వినిపిస్తుంది, నలుగురు మాట్లాడుకుంటుంటే వినిపించదు. అది ఆ రకం చెవుడు లక్షణం, నటన కాదు. వినికిడి యంత్రం గురించి ఆలస్యం చేయకండి. డిమెన్షియాకు (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బుకు) దారితీసే, మనం నివారించదగిన కారణాల జాబితాలో, లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ వినికిడి లోపాన్ని 2017 నుంచీ చేరుస్తూ వస్తోంది.

అపోహ: పెద్దవాళ్లు పడిపోవడం మామూలే, ఒకసారి పడ్డాక నడవకపోవడమే మేలు.

65 దాటినవారిలో ఏటా సుమారు ముగ్గురిలో ఒకరు పడిపోతారు. అది మామూలని కాదు, ఆ పడడాల్లో చాలా వాటిని ఆపవచ్చు. అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే మూడో వంతే. మనకు చాలిన దీపం వాళ్లకు చాలదు. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా చిన్న దీపాలు ఉంచండి. మెట్ల అంచులకు ముదురు రంగు పట్టీలు వేయండి. జారే చాపలు, నేల మీది తీగలు తీసేయండి. నిద్రమాత్రలు వాడుతుంటే డాక్టరును మళ్లీ అడగండి.

నడక మానేస్తే భయం పెరుగుతుంది, కాళ్లు ఇంకా బలహీనపడతాయి, మళ్లీ పడిపోయే ప్రమాదం మరింత దగ్గరవుతుంది. చేతికర్ర గురించి ఒక్క మాట. నొప్పి ఉన్న కాలి వైపు కాదు, దానికి ఎదుటి వైపు చేతిలో పట్టుకోవాలి. నిటారుగా నిలబడి చేతులు వేలాడేసినప్పుడు కర్ర పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి. పక్కింటివారి పాత కర్ర సరిపోదు.

అపోహ: దాహం వేస్తే వాళ్లే అడుగుతారు.

అడగరు. వయసుతో దాహం తెలియడమే తగ్గుతుంది. రాత్రి లేవాలన్న భయంతో కొందరు కావాలనే నీళ్లు మానేస్తారు. పగటిపూట కొంచెం కొంచెంగా అందించండి. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి. మూత్రం ఆపుకోలేకపోవడాన్ని కూడా వయసు ఖాతాలో వేయకండి, చాలామందికి చికిత్సతో మెరుగవుతుంది.

అపోహ: పెద్ద వయసులో తికమక పడడం సహజం.

పేరు గుర్తుకు రావడానికి కాస్త ఆలస్యం కావడం సహజం. మాట అందించకుండా ఆగితే తరచుగా వచ్చేస్తుంది. కానీ నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లోనే సంబంధం లేని మాటలు మాట్లాడితే, మనుషులను పోల్చుకోలేకపోతే, మగతగా పడి ఉంటే అది వయసు కాదు. మూత్రంలోనో ఊపిరితిత్తుల్లోనో ఇన్ఫెక్షన్ కావచ్చు, ఒంట్లో నీరు తగ్గడం కావచ్చు, కొత్త మందు కావచ్చు. జ్వరం లేకపోయినా సరే, ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.

నేను ప్రతి ఇంట్లో గోడకు ఒక కాగితం అంటించి వస్తాను. అందులో మూడు గళ్లు: తానే చేసుకునేవి, పక్కన మనిషి ఉంటే చేసుకునేవి, మనం చేసిపెట్టేవి. నెలకోసారి కుటుంబంతో, ముఖ్యంగా ఆ పెద్దవాళ్లతో కలిసి కూర్చుని దిద్దుతాం. కాలు కింద పెట్టనివ్వడం లేదని పిల్లలు చెప్పిన ఒక అమ్మ విషయంలో మొదటి నెల మొదటి గడి ఖాళీగా ఉంది. నాలుగో నెలలో "తల దువ్వుకోవడం" అని ఆవిడే తన చేత్తో, వణికే అక్షరాలతో అందులో రాసుకున్నారు.