పాప్‌కౌంట్ లేకపోతే బూటే కాదు: ఈ గొడవ వెనక కథ

2024 మొదట్లో విండోస్ 11 24హెచ్2 టెస్ట్ బిల్డ్‌లు వచ్చినప్పుడు, కోర్ 2 డ్యుయో లాంటి పాత మెషీన్ల మీద నానా తిప్పలు పడి విండోస్ 11 ఎక్కించుకున్నవాళ్లకి గట్టి షాకే తగిలింది. సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ ఫైళ్లలోనే పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ (ప్రాసెసర్‌కి నేరుగా ఇచ్చే ఆదేశం) వాడేశారు, అది లేని ప్రాసెసర్ మీద సిస్టమ్ బూటే కాదు. ఆ తర్వాత ఎస్‌ఎస్‌ఈ 4.2 అనే ఇన్‌స్ట్రక్షన్ల గుంపు కూడా తప్పనిసరి అయింది. రిజిస్ట్రీలో ఏదో మార్చి, ఇన్‌స్టాలర్‌ని బురిడీ కొట్టించి దాటేసే అడ్డంకి కాదిది. అప్పుడు చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే: ఒక్క ఇన్‌స్ట్రక్షనేగా, ఆ పని సాఫ్ట్‌వేర్‌తో చేసుకోలేమా?

చేసుకోవచ్చు, దశాబ్దాలుగా చేస్తూనే ఉన్నారు. పాప్‌కౌంట్ చేసేది ఒక సంఖ్యలో ఎన్ని 1లు ఉన్నాయో లెక్కపెట్టడం, అంతే. ఈ అవసరం కొత్తదేం కాదు, 1951 నాటి ఫెరాంటీ మార్క్ 1లోనే దీనికి ఒక ఇన్‌స్ట్రక్షన్ ఉంది, 1964లో వచ్చిన సీడీసీ 6600లోనూ ఉంది (కోడ్‌లు ఛేదించే అమెరికా గూఢచారి సంస్థ అడిగితేనే పెట్టారని ఒక మాట చాలాకాలంగా తిరుగుతోంది, నిజమెంతో గానీ కథ మాత్రం బాగుంటుంది). ఇంటెల్ 8086 కుటుంబానికి (ఇంటెల్, ఏఎండీ పీసీ చిప్‌లు ఇందులోవే) మాత్రం అది 2007 దాకా రాలేదు, అందుకే మనవాళ్లు బిట్లను జతలుగా కూడే చిట్కా వాడేవాళ్లు. ఉదాహరణకి 180ని తీసుకోండి, బైనరీలో 10110100. రెండేసి బిట్లుగా విడదీసి ఒక్కో జతలో ఎన్ని 1లున్నాయో చూస్తే 1, 2, 1, 0. పక్కపక్క జతలు కలిపితే 3, 1. మళ్లీ కలిపితే 4. లూప్ లేదు, ఇఫ్ లేదు, కొన్ని షిఫ్ట్‌లు (బిట్లను పక్కకి జరపడం), మాస్క్‌లు (కావలసిన బిట్లే ఉంచుకోవడం), కూడికలు. 64 బిట్లకైనా ఇరవై ఆపరేషన్లు దాటవు.

అంటే ఎమ్యులేట్ చేయడం (లేని ఇన్‌స్ట్రక్షన్ పనిని వేరేలా చేసిపెట్టడం) కష్టమేం కాదు. అసలు తలనొప్పి ఎక్కడంటే, ఈ ప్రాసెసర్‌లో ఆ ఇన్‌స్ట్రక్షన్ ఉందో లేదో తెలుసుకోవడంలో. అక్కడ చరిత్ర కాస్త చిక్కుగా నడిచింది.

2007లో ఏఎండీ బార్సిలోనా చిప్‌లతో పాప్‌కౌంట్, ఎల్‌జెడ్‌కౌంట్ (సంఖ్య మొదట్లో ఎన్ని 0లున్నాయో లెక్కపెట్టేది) రెండూ వచ్చాయి, కలిపి ఏబీఎం అన్నారు. ఇంటెల్ 2008లో నెహాలెంతో పాప్‌కౌంట్ మాత్రమే ఇచ్చింది, ఎల్‌జెడ్‌కౌంట్‌కి 2013 హాస్వెల్ దాకా ఆగాల్సొచ్చింది. ఉందో లేదో చెప్పడానికి సీపీయూఐడీ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉంది, కానీ జవాబులన్నీ ఒకచోట ఉండవు. లీఫ్ అంటే దాన్ని అడిగే ప్రశ్న నంబరు, ఈసీఎక్స్, ఈబీఎక్స్ అంటే జవాబు వచ్చిపడే రిజిస్టర్లు. పాప్‌కౌంట్‌కి లీఫ్ 1లో ఈసీఎక్స్ 23వ బిట్, బిట్లతో పనిచేసే మరో ఇన్‌స్ట్రక్షన్ల గుంపు బీఎంఐ1కి లీఫ్ 7లో ఈబీఎక్స్ 3వ బిట్, బీఎంఐ2కి అక్కడే 8వ బిట్, ఎల్‌జెడ్‌కౌంట్‌కేమో ఏఎండీ మొదలుపెట్టిన ఎక్స్‌టెండెడ్ లీఫ్‌లో ఈసీఎక్స్ 5వ బిట్. ఒకటి ఉంటే ఇంకోటి కూడా ఉంటుందిలే అనుకుని ఒకే బిట్ చూసి ఊరుకున్న ప్రోగ్రాం ఏదో ఒకరోజు ఎవరో ఒకరి మెషీన్ మీద బోల్తా పడుతుంది.

బోల్తా పడితే నయమే, అదీ అసలు విషయం. పాప్‌కౌంట్ లేని చిప్‌కి పాప్‌కౌంట్ ఇస్తే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అనే ఎక్సెప్షన్ (ఎర్రర్ సంకేతం) వచ్చి ప్రోగ్రాం అక్కడే చచ్చిపోతుంది, తప్పెక్కడో తెలిసిపోతుంది. కావాలంటే ఆ ఎక్సెప్షన్‌ని ఆపరేటింగ్ సిస్టమే పట్టుకుని, పని తాను చేసిపెట్టి, ప్రోగ్రాంని ముందుకు పంపొచ్చు కూడా. 387 అనే లెక్కల చిప్ లేని 386 ప్రాసెసర్ మీద లైనక్స్ ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ) లెక్కలు నడిపింది ఆ పద్ధతిలోనే. ఎల్‌జెడ్‌కౌంట్ సంగతి వేరు. అన్నిటికన్నా పైనున్న 1 ఎన్నో స్థానంలో ఉందో చెప్పే పాత బీఎస్‌ఆర్ ఇన్‌స్ట్రక్షన్ ముందు రెప్ అనే ప్రిఫిక్స్ బైట్ ఒకటి తగిలించి దీన్ని తయారుచేశారు. పాత ప్రాసెసర్‌కి ఆ బైట్ చెవిటివాడి ముందు ఊదిన శంఖమే, దాన్ని వదిలేసి నిశ్శబ్దంగా బీఎస్‌ఆర్ నడిపేస్తుంది. 32 బిట్లలో 8 అనే సంఖ్యకి ఎల్‌జెడ్‌కౌంట్ 28 ఇవ్వాలి, బీఎస్‌ఆర్ ఇచ్చేది 3. ఎర్రర్ రాదు, క్రాష్ ఉండదు, లెక్క మాత్రం తప్పు. ఎక్సెప్షనే లేనప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం ఏం పట్టుకుంటుంది? నన్నడిగితే మొత్తం కథలో ఇదే అన్నిటికన్నా చెత్త నిర్ణయం. ఇదే చిట్కా సంఖ్య చివర్లోని 0లు లెక్కపెట్టే టీజెడ్‌కౌంట్‌కి మాత్రం భలే కుదిరింది, ఎందుకంటే సున్నా కాని ఏ సంఖ్యకైనా అదీ, పాత బీఎస్‌ఎఫ్ (అన్నిటికన్నా కిందనున్న 1 స్థానం చెప్పేది) కూడా ఒకే జవాబిస్తాయి. అందుకే జీసీసీ కంపైలర్ ధైర్యంగా రెప్ బీఎస్‌ఎఫ్ అని రాసేస్తుంది, ఏ చిప్ మీదైనా నడుస్తుంది.

చెక్ చేయడానికి ఒక్కొక్కరిది ఒక్కో దారి. గో భాష పాప్‌కౌంట్ దగ్గర రన్‌టైమ్‌లో ఒక ఫ్లాగ్ చూసుకుని, లేకపోతే మామూలు కోడ్‌కి మళ్లుతుంది. లైనక్స్ కెర్నల్ 2010లో ఇంకా తెలివైన పని చేసింది: కోడ్‌లో సాఫ్ట్‌వేర్ ఫంక్షన్‌కి కాల్ పెట్టి, బూట్ టైమ్‌లో చిప్‌ని అడిగి, ఉంటే ఆ కాల్ మీదే పాప్‌కౌంట్ రాసేస్తుంది. కాల్ 5 బైట్లు, 64 బిట్ పాప్‌కౌంట్ కూడా 5 బైట్లే, అతికినట్టు సరిపోయింది. మైక్రోసాఫ్ట్ కంపైలర్ ఇంట్రిన్సిక్ (ఇన్‌స్ట్రక్షన్‌ని ఫంక్షన్‌లా పిలిచే పద్ధతి) అయితే ఏమీ అడక్కుండా నేరుగా ఇన్‌స్ట్రక్షనే దింపుతుంది, చెక్ చేసుకునే బాధ్యత మీదే.

పోనీ ఉందని తేలినా పని అయిపోలేదు. బీఎంఐ2లోని పీడెప్, పీఎక్స్‌ట్ (మాస్క్ అనే సంఖ్య చూపిన చోట్ల బిట్లను పెట్టేది, తీసేది) ఇంటెల్‌లో 3 సైకిళ్లలో (ప్రాసెసర్ గడియారం టిక్కుల్లో) అయిపోతాయి. ఏఎండీ జెన్ 1, జెన్ 2 చిప్‌లలో సీపీయూఐడీ ఉందనే చెప్తుంది గానీ అవి మైక్రోకోడ్‌తో (చిప్ లోపలి చిన్న ప్రోగ్రాంతో) నడుస్తాయి, మాస్క్‌లో ఉన్న 1లను బట్టి వందల సైకిళ్ల దాకా పోవచ్చు, అంటే హార్డ్‌వేరే లోపల ఎమ్యులేట్ చేస్తోందన్నమాట. ఏనుగు, శకటు ఎక్కడెక్కడికి కదలగలవో చూడటానికి పీఎక్స్‌ట్ వాడే స్టాక్‌ఫిష్ చెస్ ఇంజన్‌కి ఇది బాగా తగిలింది, ఆ చిప్‌లున్నవాళ్లు బీఎంఐ2 బిల్డ్ కాకుండా ఏవీఎక్స్2 (మరో ఇన్‌స్ట్రక్షన్ల గుంపు) బిల్డ్ వాడుకోవాల్సొచ్చింది. 2020లో జెన్ 3తోగానీ అది సర్దుకోలేదు. కాబట్టి పీఎక్స్‌ట్ దగ్గర బిట్ ఒక్కటే చూస్తే చాలదు, చిప్ ఏ తరానిదో కూడా చూడాలి.

ఇప్పుడు లైనక్స్ డిస్ట్రోలు (రెడ్ హ్యాట్ లాంటి లైనక్స్ రకాలు) ఇన్‌స్ట్రక్షన్లను ఒక్కొక్కటిగా కాకుండా వీ2, వీ3 అనే స్థాయిలుగా మూటగట్టి అడుగుతున్నాయి. 2022 నాటి రెడ్ హ్యాట్ 9కి పాప్‌కౌంట్ ఉన్న వీ2 స్థాయి చాలు, 2025 నాటి 10కి బీఎంఐ1, బీఎంఐ2, ఎల్‌జెడ్‌కౌంట్, ఏవీఎక్స్2 అన్నీ ఉన్న వీ3 కావాలి. హాస్వెల్ తర్వాతి చిప్ కదా అని ధీమాగా ఉండకండి, హాస్వెల్, స్కైలేక్ పెంటియం, సెలెరాన్లలో ఏవీఎక్స్‌తో పాటు బీఎంఐ కూడా తీసేశారు. లైనక్స్‌లో సీపీయూ ఇన్ఫో ఫైల్ తెరిచి ఎల్‌జెడ్‌కౌంట్ కోసం వెతికితే దొరకదు, కంగారు పడకండి, అక్కడ దాని పేరు ఇప్పటికీ ఏబీఎం అనే ఉంటుంది.