అటక మీద ఉడికిన ఫిల్మ్

ఆ డబ్బా మీద గడువు 1996 అని ఉంది. లోపల 4×5 అంగుళాల నలుపు తెలుపు షీట్ ఫిల్మ్, 400 స్పీడు (వెలుగును పట్టే చురుకుదనం), పాతిక షీట్లు. సీలు కూడా తీయలేదు. విజయవాడలో మూతపడుతున్న ఒక పాత స్టూడియో అటక మీద దొరికింది. స్టూడియో పెద్దాయన దాన్ని పంచె కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టారు. "తీసుకెళ్లు బాబూ. కట్ ఫిల్మ్ ఇప్పుడెవరు వాడుతున్నారు? ఇన్ని ఎండాకాలాలు ఆ రేకుల కింద ఉడికిపోయింది. కడిగితే బొగ్గులా వస్తుంది" అన్నారు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

ఆయన చెప్పినదాంట్లో సగం నిజమైంది.

మనవాళ్లు ఫిల్మ్ డెవలప్ చేయడాన్ని 'కడగడం' అంటారు. పెళ్లి అయిన మర్నాడే రీళ్లు కడగడానికి ఇచ్చి వారం రోజులు ఎదురుచూసిన ఇళ్లు ఎన్నో. మాట బాగుంది గానీ అర్థం మాత్రం తలకిందులు. ఏదైనా కడిగితే మరక పోవాలి. ఫిల్మ్‌ని కడిగితేనే మరక పుడుతుంది.

ఆ మరక వెండిది. ఫిల్మ్ మీది పూతలో సిల్వర్ బ్రోమైడ్ పలుకులు కోట్లకొద్దీ ఉంటాయి. అవి కంటికి ఆననంత చిన్నవి, జెలటిన్‌లో చెదిరి ఉంటాయి. షట్టర్ తెరిచినప్పుడు ఒక ఫోటాన్ వచ్చి పలుక్కి తగిలితే అందులో ఒక ఎలక్ట్రాన్ విడిపడి, పలుకు ఉపరితలం మీద ఏదో ఒక మచ్చ దగ్గర చిక్కుకుంటుంది. ఆ ఎలక్ట్రాన్ దగ్గరికి ఒక వెండి అయాన్ జరిగొస్తుంది. రెండూ కలిస్తే ఒక వెండి పరమాణువు. అలా ఒకేచోట నాలుగు పరమాణువులు పోగైతే ఆ పలుకు సిద్ధమైనట్టే. డెవలపర్ అనే రసాయన ద్రావణం ఆ చిన్న చుక్క దగ్గర మొదలుపెట్టి పలుకు మొత్తాన్ని వెండిగా మార్చేస్తుంది. నాలుగు పరమాణువుల గుర్తు వంద కోట్ల పరమాణువుల నల్లటి ముద్ద అవుతుంది. గుర్తు పడని పలుకును ముట్టుకోదు. ఈ లెక్కకు పునాది వేసినవాళ్లు రోనాల్డ్ గర్నీ, నెవిల్ మాట్. అది 1938లో.

ఎలక్ట్రాన్ చిక్కుకునే ఆ మచ్చ కథ ఆవకాయ తినేవాళ్లకు చెప్పి తీరాలి. జెలటిన్‌ని పశువుల ఎముకలు, తోళ్ల నుంచి తీస్తారు. ఒకప్పుడు ఒక విడత జెలటిన్‌తో చేసిన ఫిల్మ్ చురుగ్గా ఉండేది, ఇంకో విడతది మందంగా ఉండేది. ఎందుకో ఫ్యాక్టరీవాళ్లకు అంతుపట్టేది కాదు. కొడాక్‌లో పనిచేసే శామ్యూల్ షెపర్డ్ 1925లో గుట్టు విప్పారు. మంచి జెలటిన్‌లో అతి సూక్ష్మంగా గంధకపు పదార్థాలున్నాయి. వాటిలో ఒకటి అల్లైల్ ఐసోథయోసయనేట్. ఆవపిండి కలిపేటప్పుడు ముక్కుపుటాలు అదరగొట్టేది ఇదే. ఆవులు మేసిన ఆవజాతి మొక్కల నుంచి అది జెలటిన్‌లోకి వచ్చింది. పలుకుల మీద సిల్వర్ సల్ఫైడ్ మచ్చలు పెట్టేది ఆ గంధకమే. ఆవులకు ఆవ మొక్కలు రుచించకపోయుంటే మనకు సినిమాలే ఉండేవి కావని షెపర్డ్ పై అధికారి కెన్నెత్ మీస్ ఛలోక్తి విసిరేవారు.

గడువు దాటిన ఫిల్మ్ చిక్కంతా ఆ నాలుగు పరమాణువుల దగ్గరే ఉంది. వాటిని పోగేయగలిగేది వెలుగొక్కటే కాదు. వేడికీ ఎలక్ట్రాన్లు కదులుతాయి. ఆకాశం నుంచి ఎప్పుడూ కురిసే కాస్మిక్ కిరణాలు, గోడల్లోని రాళ్ల నుంచి వచ్చే సన్నటి రేడియేషన్ కూడా పలుకుల మీద గుర్తు పెట్టగలవు. యురేనియం లవణం పక్కన పెట్టిన ఫొటో ప్లేట్లు చీకట్లోనే నల్లబడడం చూసే 1896లో బెకరెల్ రేడియోధార్మికతను కనిపెట్టారు. 1945లో కొడాక్‌వారి ఎక్స్‌రే ఫిల్మ్ మీద వింత మచ్చలు కనబడ్డాయి. ప్యాకింగ్ అట్ట మీద అనుమానం వచ్చింది. ఆ అట్ట ఇండియానా రాష్ట్రంలో నదినీళ్లతో తయారైంది. ఆ నీళ్లలో కలిసిన రేడియోధార్మిక ధూళి దూరాన న్యూమెక్సికో ఎడారిలో జరిగిన మొదటి అణుబాంబు పరీక్షదని కొడాక్ శాస్త్రవేత్త జూలియన్ వెబ్ తేల్చారు.

అంటే డబ్బా మూసి ఉన్నా లోపల పలుకులు ఒక్కొక్కటిగా సిద్ధమైపోతూనే ఉంటాయి. డెవలపర్‌లో వేయగానే బొమ్మ పలుకులూ ఈ దొంగ పలుకులూ కలిసి నల్లబడతాయి. దీన్నే 'ఫాగ్' అంటారు. ఏ పలుకు వెలుగుకు లేచింది, ఏది వేడికి లేచింది అన్న తేడా డెవలపర్‌కు తెలియదు. స్పీడు ఎక్కువున్న ఫిల్మ్‌లో పలుకులు పెద్దవి కాబట్టి తొందరగా లేస్తాయి. పాతికేళ్లనాటి 25 స్పీడు ఫిల్మ్ నిక్షేపంగా ఉంటే, అదే వయసున్న 400 స్పీడుది సగం చచ్చి ఉంటుంది. కలర్ ఫిల్మ్ సంగతి ఇక చెప్పనక్కర్లేదు. మూడు పొరలు మూడు తీర్లుగా ముసలవుతాయి.

నన్నడిగితే డబ్బా మీది తేదీ కంటే డబ్బా ఎక్కడ ఉందన్నది ముఖ్యం. 1897 జులైలో ఆండ్రే, స్ట్రిండ్‌బర్గ్, ఫ్రెంకెల్ అనే ముగ్గురు స్వీడన్ వాళ్లు హైడ్రోజన్ బెలూన్‌లో ఉత్తర ధ్రువం వైపు బయల్దేరారు. మూడు రోజులైనా తిరక్కుండానే బెలూన్ మంచు మీద కూలబడింది. ముగ్గురూ తిరిగి రాలేదు. 1930లో క్విటోయా అనే మంచు దీవిలో వాళ్ల అవశేషాలతోపాటు ఫిల్మ్ కూడా దొరికింది. స్టాక్‌హోంలో జాన్ హెర్ట్స్‌బర్గ్ దాన్ని కడిగి, 240 ఫ్రేముల్లో 93 కాపాడగలిగారు. మంచు మీద పక్కకు ఒరిగిన బెలూన్‌నీ, దాన్నే చూస్తూ నిలబడ్డ ఇద్దర్నీ ఆ ఫొటోల్లో ఇప్పటికీ చూడొచ్చు. 33 ఏళ్లు నీళ్లలో నాని, గడ్డకట్టి, మళ్లీ కరిగిన ఫిల్మ్ అది. అయినా బతికింది, చలి వల్ల. ప్రతి పది డిగ్రీల వేడికీ రసాయన చర్య వేగం రెట్టింపవుతుందనేది ఒక ముతక లెక్క. ఆ లెక్కన 40 డిగ్రీల అటక మీద ఒక ఏడాది, సున్నా డిగ్రీల దగ్గర 16 ఏళ్లతో సమానం. ఇక బెజవాడలో రేకుల కింద అటక 40 దగ్గర ఆగుతుందా?

రీలు కన్నా షీట్ ఫిల్మ్‌తో ఒక పెద్ద సౌకర్యం ఉంది. రీల్లో 36 ఫ్రేములు మునిగినా తేలినా కలిసే. షీట్లను ఒక్కొక్కటిగా పరీక్ష పెట్టుకోవచ్చు. నేను మొదటి షీట్‌ని చీకట్లో కత్తెరతో రెండు ముక్కలు చేశాను. ఒక ముక్కను డెవలపర్ చూపించకుండా నేరుగా హైపోలో, అంటే వాడని పలుకుల్ని కరిగించే ద్రావణంలో వేశాను. అది అద్దంలా తేటగా వచ్చింది. రెండో ముక్కను వెలుగు చూపించకుండానే డెవలప్ చేశాను. అది మబ్బుపట్టిన ఆకాశం రంగులో వచ్చింది. ఈ రెంటికీ మధ్య తేడాయే ఫాగ్. దాని గుండా చూస్తే ఎదురుగా కిటికీ ఉన్నట్టు తెలుస్తోంది, ఊచలు లెక్కపెట్టలేం, అంత మందం.

తర్వాత స్పీడు తేల్చాలి. పాత నలుపు తెలుపు ఫిల్మ్‌కి పదేళ్లకో స్టాప్, అంటే పదేళ్లకోసారి రెట్టింపు వెలుగు ఇవ్వాలని అందరూ చెప్పే మాట. మూడు దశాబ్దాలకు మూడు రెట్టింపులు, 400 కాస్తా 50. మాట మీద నమ్మకం పెట్టుకోకుండా ఇంట్లోనే చూశాను. కిటికీ వెలుగులో ఒక బూడిదరంగు దుప్పటి వేలాడదీసి, 400 స్పీడు లెక్కన వెలుగు కొలిచే మీటర్ చూస్తే, లెన్స్ రంధ్రం ఎఫ్ 11 దగ్గర ఉంటే అర సెకను అంది. షీట్ పెట్టే హోల్డర్‌లో దాన్ని వెలుగు నుంచి కప్పి ఉంచే పలక, అంటే డార్క్‌స్లైడ్ పూర్తిగా లాగి అర సెకను ఇచ్చాను. దాన్ని అయిదో వంతు లోపలికి తోసి ఇంకో అర సెకను. మళ్లీ తోసి ఒక సెకను, తర్వాత రెండు, చివర నాలుగు. ఒకే షీట్ మీద అయిదు పట్టీలు: 400, 200, 100, 50, 25. కడిగి చూస్తే మొదటి రెండు పట్టీలు ఫాగ్‌లో కలిసిపోయి ఆనవాలే లేవు. మూడోది ఉందంటే ఉంది. 50 దగ్గర దుప్పటి నేత లీలగా కనబడింది. 25 దగ్గర పోగులు లెక్కపెట్టొచ్చు. ఫాగ్‌ని తీసేయలేం. బొమ్మను దానికంటే ఎత్తు మీద నిలబెట్టగలం, అందుకే ఇంత వెలుగు.

డెవలపర్ వైపు నుంచి కూడా కొంత చేయొచ్చు. దొంగ పలుకుల్లో ఎక్కువ భాగం కాస్త ఆలస్యంగా లేస్తాయి. అందుకని పలచటి ద్రావణంలో గంటసేపు నానబెట్టే కంటే, చిక్కటి డెవలపర్‌లో తక్కువసేపు ఉంచి బొమ్మ లేవగానే తీసేయడం మేలు. నేను వాడింది డి-76. 1927 నాటి ఈ ఫార్ములా కొడాక్‌లో జాన్ కాప్‌స్టాఫ్ పుణ్యం. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. సల్ఫైట్ మొత్తం ముందే పోస్తే మెటాల్ కరగదు. చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్, తర్వాత మిగతావి. చేతికి గ్లవ్స్ ఉండాలి, మెటాల్ కొందరి చర్మానికి పడదు. దీనికి బెంజోట్రయజోల్ 1 శాతం ద్రావణం లీటరుకు 10 మిల్లీలీటర్లు కలిపాను. అది పలుకుల ఉపరితలాన్ని అంటుకుని డెవలపర్‌ని అడ్డుకుంటుంది. గట్టి గుర్తున్న పలుకులు ఆ అడ్డును దాటతాయి, బలహీనమైనవి ఆగిపోతాయి. బొమ్మ నీడల్లోని బలహీన పలుకులు కూడా వాటితోపాటే పోతాయి, ఆ నష్టం తప్పదు. ఎక్కువ పోస్తే స్పీడు మరీ పడిపోతుంది.

ఇక బాత్‌రూమ్. తలుపు కింద తడి తువ్వాలు, వెంటిలేటర్‌కి నల్ల కాగితం. సినిమాల్లో చూపించే ఎర్ర లైటు ఇక్కడ పనికిరాదు. ఈ ఫిల్మ్‌కి ఎరుపు కూడా కనబడుతుంది, కాబట్టి కటిక చీకటి. షీట్ ఎటు పక్క పూత ఉందో చేత్తోనే తెలుసుకోవాలి. నిలువుగా పట్టుకుని అంచున ఉన్న గాట్లు కుడివైపు పై మూలకు వచ్చేలా తిప్పితే పూత మన వైపు ఉన్నట్టు. ముందు మంచినీళ్ల ట్రే, తర్వాత డెవలపర్, తర్వాత నీళ్లు కలిపిన వెనిగర్, తర్వాత హైపో. నీళ్లలో ముందు నానబెట్టకపోతే షీట్లు ఒకదానికొకటి అప్పడాల్లా అతుక్కుపోతాయి.

మొదటి రోజు నాకు దెబ్బ కొట్టింది ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు. ఏప్రిల్ మధ్యాహ్నం, 36 డిగ్రీలు. డెవలపర్‌ని చల్లబరిచాను గానీ జాడించే నీళ్ల సంగతి మర్చిపోయాను. వేడికి జెలటిన్ ఉబ్బి, షీట్ మూల పాల మీద మీగడలా ముడతలుపడి లేచి వచ్చింది. మరుసటి రోజు రాత్రి పదింటికి మొదలుపెట్టాను. ఐస్ ముక్కలు పాలిథిన్ సంచిలో వేసి మూతి కట్టి ట్రేలో తేలేశాను. నేరుగా వేస్తే డెవలపర్ పలచబడుతుంది. అన్ని ట్రేలూ 24 డిగ్రీలు. 20 దగ్గర ఎనిమిది నిమిషాలు పట్టే పని 24 దగ్గర అయిదున్నరకు అయిపోతుంది. చీకట్లో అడుగు షీట్ తీసి పైన పెడుతూ, మళ్లీ అడుగుది పైన పెడుతూ మనసులో అంకెలు లెక్కపెట్టుకోవడమే. గోరు తగిలితే అంతే సంగతులు. ఈ ఫిల్మ్ మీద తీసిన మా పెరటి వేపచెట్టు ఫొటోలో మొదలు మీద అడ్డంగా ఒక గీత ఉంది, అది నా చూపుడు వేలిదే.

హైపో గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. వాడని పలుకుల్ని అది కరిగించి తీసేస్తుంది. దానికి ఆ గుణం ఉందని 1819లోనే జాన్ హెర్షెల్ రాశారు, అప్పటికింకా ఫొటోగ్రఫీ పుట్టనే లేదు. వాడిన హైపోలో కరిగిన వెండి ఉంటుంది, చెరువుల్లోనూ కాలవల్లోనూ కలవకుండా వేరే సీసాలో దాచిపెట్టాలి.

వేపచెట్టు నెగటివ్ దండెం మీద ఆరిన తర్వాత కిటికీకి పెట్టి చూశాను. హోల్డర్ అంచు కింద ఉండిపోయి వెలుగు తగలని నాలుగు పక్కలా సన్నటి బూడిదరంగు చట్రం. చెట్టు నీడ కూడా దాదాపు అదే రంగు. కానీ బెరడు చీలికలు, బావి గిలక, గిలక మీద తాడు పోగులతో సహా ఉన్నాయి. నెగటివ్‌ని నేరుగా కాగితానికి ఆనించి కాంటాక్ట్ ప్రింట్ వేసేటప్పుడు ఫాగ్ మొత్తం సమానంగా పరుచుకుని ఉంటే కొంచెం ఎక్కువసేపు వెలుగిస్తే సరిపోతుంది. పెద్ద షీట్ కాబట్టి ముతకదనం కూడా కంటికి తగలదు. ప్రింట్ పట్టుకెళ్లి స్టూడియో పెద్దాయనకు చూపించాను. కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు చూశారు. "నీడలు పోయాయి బాబూ. పెన్సిల్ పెట్టి టచింగ్ చేద్దామా?" అన్నారు.

మిగిలిన 14 షీట్లు జిప్ కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో దాచాను. వాడాలనుకున్నప్పుడు ముందురోజు రాత్రే బయట పెట్టి, ఉదయం దాకా కవర్ తెరవకుండా ఉంచాలి. చల్లగా ఉండగా తెరిస్తే గాలిలోని తేమంతా షీట్ల మీదే చెమ్మగా దిగుతుంది. మా ఇంట్లో ఇప్పటికే ఒకసారి చేపల ప్యాకెట్ అనుకుని బయటికి తీశారు. అదృష్టం కొద్దీ విప్పలేదు.