పేరుకే పామ్, కుక్కకు విషం

కుక్కను పెంచే ఇంట్లో పామ్ మొక్కలు ఉంచవచ్చా అని ఒక పాఠకురాలు అడిగారు. అవి నిజంగా తాళజాతివే అయితే చాలావాటితో భయం అక్కర్లేదు. కుండీలలో పెంచే అరెకా పామ్, పార్లర్ పామ్ ఆకులను నమిలిన కుక్కకు మహా అయితే ఒకటి రెండు వాంతులవుతాయి. పెరట్లోని కొబ్బరి, తాటి, ఈత చెట్లూ విషపూరితం కావు. జీలుగు పండ్లను మాత్రం కుక్కకు అందనివ్వకూడదు. వాటి గుజ్జులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉండి నోటిని మండిస్తాయి.

అసలు ప్రమాదం నర్సరీలలో సేగో పామ్ అనీ, సైకస్ అనీ అమ్మే మొక్కతో ఉంది. కొబ్బరికి కాక దేవదారుకు దగ్గరి చుట్టమైన వివృతబీజ మొక్క, అంటే గింజలు కాయలో దాగకుండా బయటికి ఉండే మొక్క అది. శేషాచలం కొండల్లో సహజంగా పెరిగే సైకస్ బెడ్డోమై దీని ప్రజాతిదే. పొట్టి బోదె నిండా రాలిన ఆకుల మొదళ్లు పొలుసుల్లా మిగిలి ఉంటాయి, బిరుసైన చిట్టి ఆకుల అంచులు కిందికి ముడుచుకుని కొనలు గుచ్చుకుంటాయి, లేత చిట్టి ఆకులు ఫెర్న్ చిగురులా లోపలికి చుట్టుకుని వస్తాయి. ఆడ మొక్క నడినెత్తిన గోధుమరంగు నూగు మధ్య నారింజ ఎరుపు గింజలు కాస్తాయి. మొక్క అంతా విషమే అయినా ఎక్కువగా ఉండేది ఆ గింజల్లోనే. ఒకటి రెండు గింజలతోనే కుక్క ప్రాణం పోవచ్చు.

ఆ విషం పనిచేసే తీరు విచిత్రమైనది. గింజలోని సైకాసిన్ అనే పదార్థపు అణువు లక్క సీలు వేసిన సీసా లాంటిది. సీసాలోని విషం పేరు మిథైలజాక్సీమిథనాల్, సీలు గ్లూకోజ్. సీలు ఊడనంతవరకు అపకారం లేదు. దాన్ని ఊడదీసేది పేగుల్లోని బాక్టీరియా తయారుచేసే బీటా గ్లూకోసిడేజ్ అనే ఎంజైము. 1960లలో అమెరికా పరిశోధకులు పేగుల్లో సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకలకు సైకాసిన్ తినిపిస్తే వాటికేమీ కాలేదు, సీసా మూతతోనే బయటికి పోయింది. మామూలు ఎలుకల కాలేయాలు మాత్రం దెబ్బతిన్నాయి. కేరళలోనూ, జపాన్‌లోని అమామి దీవులలోనూ సైకస్ గింజలను పదేపదే నీళ్లలో నానబెట్టి పిండిచేసుకు తినగలగడానికి కారణం, సైకాసిన్ నీటిలో కరుగుతుంది కనుక సీసాలు మూత తెరిచేలోపే కొట్టుకుపోవడం. పచ్చి గింజ నమిలిన కుక్కకు ఆ అవకాశం లేదు. పేగులో విడుదలైన విషం రక్తంతో నేరుగా కాలేయానికి చేరి, విచ్ఛిన్నమై, డీఎన్ఏలోని గ్వానిన్ అనే భాగానికి మిథైల్ సమూహాలను అతికిస్తుంది, కణాలు చచ్చిపోతాయి.

మూగజీవానికి ఏది తినాలో పుట్టుకతోనే తెలుసునని మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. కుక్కపిల్ల ఉన్న ఇంట్లో చెప్పుల సంగతి చూసినవారు దీన్ని నమ్మనవసరం లేదు.

వాంతులు కొన్ని గంటల్లోనే మొదలవుతాయి. ఆ తర్వాత కుక్క తేరుకున్నట్టు కనిపించినా, రెండు మూడు రోజుల్లో కామెర్లు రావచ్చు. గడ్డకట్టించే ప్రోటీన్లు కాలేయంలోనే తయారవుతాయి కాబట్టి రక్తస్రావమూ కావచ్చు. విరుగుడు మందు లేదు. అందుకే గింజ నమిలినట్టు అనుమానం వచ్చిన వెంటనే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా, పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడం మరో ప్రమాదం. పశువైద్యుడే వాంతి చేయించి, విషాన్ని పట్టి ఉంచే ఉత్తేజిత బొగ్గు ఇచ్చి, తర్వాతి రోజుల్లో కాలేయ ఎంజైములను మళ్లీ మళ్లీ పరీక్షిస్తారు.